రాబందులు రాని గుట్ట: పార్శీల అంత్యక్రియలు ఎందుకు మారాయి?

2024 అక్టోబరు 10న ముంబయిలోని వర్లీ శ్మశానవాటికలో రతన్ టాటాకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. అంతకు రెండేళ్ల ముందు, రోడ్డు ప్రమాదంలో మరణించిన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ దేహానికి కూడా అక్కడే దహన సంస్కారం చేశారు. టీవీలో చూసిన మనకు ఇందులో వింతేమీ తోచలేదు. కానీ వీరిద్దరూ పార్శీలు. అగ్నిని దేవుడి వెలుగుగా కొలిచే వారి సంప్రదాయంలో శవాన్ని నిప్పుకు అప్పగించడం తరతరాలుగా నిషిద్ధం. ఆ కట్టుబాటు సడలడం వెనక సంస్కరణోద్యమం కన్నా పశువుల నొప్పి మందు పాత్రే ఎక్కువ.

పార్శీలు అనుసరించేది జరతుష్ట్ర ప్రవక్త బోధించిన మతం. ప్రాణం పోయిన వెంటనే దేహాన్ని మైల ఆవరిస్తుందని వారి నమ్మకం. మైల అంటే ఏమిటో తెలుగు పిల్లలకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఎవరైనా పోతే పూజగదిలో దీపం పెట్టకపోవడం చూసే ఉంటారు. అయితే పార్శీల లెక్కలో ఈ మైల మనుషులకే కాక నిప్పుకు, నీటికి, నేలకు కూడా అంటుతుంది. కాబట్టి శవాన్ని కాల్చకూడదు, పూడ్చకూడదు, నీటిలో వదలకూడదు. ఇక మిగిలిన దారి ఆరుబయట ఎండకు, పక్షులకు వదిలిపెట్టడమే.

ఈ ఆచారం చాలా పాతదే అయినా మొదటినుంచీ అందరూ పాటించినది కాదు. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, పారశీక దేశంలో మాగీలనే పురోహితులు శవాన్ని పక్షో కుక్కో చీల్చిన తర్వాతే పూడుస్తారని, మిగతావారు మైనం పూసి పాతిపెడతారని రాశాడు. సైరస్ చక్రవర్తిదని చెప్పే రాతి సమాధి ఇరాన్‌లోని పసర్గాదేలో ఇప్పటికీ నిలిచి ఉంది. కాలక్రమంలో పురోహితుల పద్ధతే మతస్థులందరి పద్ధతి అయింది. ఇరాన్‌లో అరబ్బుల పాలన స్థిరపడ్డాక ఓడలెక్కి గుజరాత్ తీరంలోని సంజాన్ చేరినవారు దాన్ని తమ వెంట తెచ్చుకున్నారు.

అందుకోసం కట్టే గుండ్రటి రాతి కట్టడమే దఖ్మా. 'టవర్ ఆఫ్ సైలెన్స్' అన్నది ఆంగ్లేయుల కాలంలో వచ్చిన పేరు. ముంబయి మలబార్ హిల్ మీద, ఇప్పుడు యాభై ఎకరాలకు పైగా చెట్లతో నిండిన డూంగర్‌వాడీలో, 17వ శతాబ్దంలోనే మొదటి దఖ్మా వెలిసింది. సికింద్రాబాద్‌లోని పార్శీగుట్టకు ఆ పేరు రావడానికి కారణం కూడా అక్కడి దఖ్మాయే.

దఖ్మాకు ఎత్తైన గోడ ఉంటుంది గాని పైకప్పు ఉండదు. లోపలి రాతి నేల మూడు వలయాలుగా ఉంటుంది: బయటి వలయం పురుషులకు, నడిమిది స్త్రీలకు, లోపలిది పిల్లలకు. మధ్యలో లోతైన గుంట ఉంటుంది. పక్షులు తినగా మిగిలి, ఎండకు ఎండిన ఎముకలు చివరికి ఆ గుంటలోకే చేరతాయి. లక్షాధికారివైనా, వంటవాడివైనా అక్కడ కలిసిపోవలసిందే. వాననీరు కూడా నేరుగా భూమిలోకి ఇంకకుండా బొగ్గు, ఇసుక పొరల గుండా వడగట్టుకుని పోయేలా కాలువలు కట్టారు. దేహాన్ని అక్కడికి మోసే ముందు ఒక కుక్కను తెచ్చి శవం వైపు చూపిస్తారు. దీన్ని సగ్‌దీద్ అంటారు, అంటే కుక్క చూపు. కళ్లపైన రెండు మచ్చలుండి నాలుగు కళ్లున్నట్టు కనిపించే కుక్క అయితే మరీ శ్రేష్ఠం. తెల్లని బట్టలు వేసుకున్న వాహకులు దేహాన్ని లోపలికి తీసుకెళతారు. బంధువులు బయటే ఆగిపోతారు. ఆత్మ మూడు రాత్రులు ఇక్కడే ఉండి, నాలుగో రోజు తెల్లవారుజామున చిన్వత్ అనే వంతెన దాటుతుందని నమ్ముతారు.

ఇదంతా విని ముఖం చిట్లించుకునే పిల్లలు, పిండం పెట్టి కాకి ఎప్పుడు ముడుతుందా అని మన పెద్దలు ఎదురుచూడటాన్ని ఒకసారి గుర్తుచేసుకోవచ్చు.

పార్శీలు రాబందుల కోసం అలా ఎదురుచూడవలసిన అవసరం ఒకప్పుడు ఉండేది కాదు. గుంపుగా వాలితే గంట తిరక్కుండా పని ముగిసేది. 1980లలో మన దేశంలో రాబందులు కోట్లలో ఉండేవి. ఊరి బయట పడేసిన పశువుల కళేబరాలే వాటి తిండి. 1990లలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వంటి చోట్ల అవి మెడ వాల్చి కొమ్మల మీద కూర్చుని, అలాగే రాలి చనిపోవడం పరిశీలకుల కంటపడింది. 1992, 2007 మధ్య తెల్లవీపు రాబందుల సంఖ్య 99.9 శాతం పడిపోయింది. ఏదో వైరస్ అయి ఉంటుందని మొదట అనుకున్నారు. చనిపోయిన పక్షులను కోసి చూస్తే లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లటి పొర కనిపించింది. మూత్రపిండాలు చెడి, యూరిక్ ఆమ్లం పేరుకుపోయిన గుర్తు అది. పశువులకు నొప్పి, వాపు తగ్గడానికి ఇచ్చే చవకైన డైక్లోఫెనాక్ దీనికి కారణమని పాకిస్థాన్‌లో పనిచేసిన పరిశోధకులు 2004లో తేల్చారు. మందు పడిన పశువు చనిపోతే, దాని మాంసం తిన్న రాబందులు కొద్ది రోజుల్లోనే చనిపోయేవి. భారత ప్రభుత్వం 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించింది.

అప్పటికే డూంగర్‌వాడీకి రాబందులు రావడం మానేశాయి. కాకులు, గద్దలు ఆ పని పూర్తి చేయలేవు. ఎండను దేహం మీదికి మళ్లించే సౌర పరావర్తకాలు అమర్చారు గాని, ముంబయి వానాకాలంలో ఎండ ఎక్కడిది? 2006లో దఖ్మా లోపలి ఫోటోలు బయటికి వచ్చి, శిథిలం కాని దేహాలను చూసిన సమాజం రెండుగా చీలింది. దహనాన్ని ఎంచుకున్న కుటుంబాలకు ప్రార్థనలు జరిపిన ఇద్దరు పురోహితులను డూంగర్‌వాడీలో అడుగుపెట్టనివ్వకపోతే, వివాదం బాంబే హైకోర్టు దాకా వెళ్లింది; 2011లో తీర్పు పురోహితుల పక్షాన వచ్చింది. 2015లో వర్లీ శ్మశానం దగ్గర పార్శీల కోసం ప్రార్థనా మందిరం తెరిచారు. ఇరాన్‌లోని జరతుష్ట్రీయులు ఈ చిక్కుముడిని మరోలా విప్పుకున్నారు: అక్కడ 20వ శతాబ్దంలో దఖ్మాలు మూతపడి, శవం మట్టికి తగలకుండా సిమెంటు పూసిన సమాధులు వచ్చాయి.

కోవిడ్ కాలంలో మరో వివాదం లేచింది. కోవిడ్‌తో పోయినవారిని దహనం లేదా ఖననం చేయాలన్న ప్రభుత్వ నిబంధన మీద సూరత్ పార్శీలు కోర్టుకెక్కారు. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక రాజీ ఏర్పాటుకు ఆమోదం తెలిపింది. దాని ప్రకారం అలాంటి దేహాలను దఖ్మాలో ఉంచవచ్చు, కానీ పక్షులు రాకుండా పైన లోహపు వల కట్టాలి.

రాబందుల్ని తిరిగి పెంచే పని హర్యానాలోని పింజోర్‌తో పాటు హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో కూడా సాగుతోంది. వాటికి హాని చేసే మరో రెండు పశువుల మందులను, కీటోప్రోఫెన్‌ను, ఎసిక్లోఫెనాక్‌ను, 2023లో నిషేధించారు. అయితే ఆడ రాబందు ఏడాదికి పెట్టేది ఒక్కటే గుడ్డు. ఆ పిల్ల ఎదిగి మళ్లీ గూడు కట్టే వయసుకు రావడానికి ఐదేళ్లు పడుతుంది.