తలనొప్పి అంటున్న పిల్లల్ని ఏం అడగాలి?

మైగ్రేన్‌ని తెలుగులో పార్శ్వపు నొప్పి అంటాం. తలకు ఒక పక్కనే వస్తుందని ఆ పేరు. పెద్దవాళ్లలో చాలావరకు అది నిజమే. కానీ టీనేజ్ పిల్లల్లో తరచుగా రెండు కణతలూ, నుదురంతా నొప్పి పుడుతుంది. దాంతో ఇంట్లోవాళ్లు ఇది మైగ్రేన్ కాదులే అనుకుంటారు. కళ్లజోడు మార్పిస్తారు, ఫోన్ తీసేసుకుంటారు, చదువు టెన్షన్ అంటారు. స్కూలు ఎగ్గొట్టే సాకు అనేవాళ్లూ ఉన్నారు. నొప్పి భరించే పిల్లకు ఆ మాట రెండో దెబ్బ.

మైగ్రేన్ స్కాన్‌లో కనిపించదు, రక్తపరీక్షలో తేలదు. స్కాన్ తీసేది ఇంకో జబ్బు లేదని చూసుకోవడానికే. కాబట్టి అడగడం, ఓపిగ్గా వినడమే దీనికి పరీక్ష. 2003లో వెలువడిన ‘ఐడీ మైగ్రేన్’ అనే ప్రశ్నావళిలో ఉన్నవి మూడే ప్రశ్నలు. గడిచిన 3 నెలల్లో తలనొప్పితో పాటు కడుపులో తిప్పిందా? వెలుతురు ఇబ్బంది పెట్టిందా? ఒక్క రోజైనా పనికో చదువుకో అడ్డుపడిందా? రెండింటికి అవునంటే మైగ్రేన్‌ని అనుమానించాలి. పెద్దవాళ్ల మీద వాడి చూసినప్పుడు, మైగ్రేన్ ఉన్న ప్రతి 100 మందిలో 81 మందిని ఇది పట్టుకుంది. మిగతా 19 మందిని వదిలేసింది కూడా. అందుకే ఇది జల్లెడ మాత్రమే, తేల్చాల్సింది డాక్టరే.

పిల్లల దగ్గర ఈ ప్రశ్నల్ని కాస్త మార్చి అడగాలి. వెలుతురు పడడం లేదని వాళ్లు నోటితో చెప్పకపోవచ్చు. కర్టెన్లు మూసేసి పడుకుంటున్నారా, ఇష్టమైన ఆట కూడా మానేస్తున్నారా అని గమనించాలి. నొప్పి ఎంతసేపు ఉందన్న లెక్కా వేరే. పెద్దవాళ్లలో కనీసం 4 గంటలుండాలి, 18 ఏళ్లలోపు వాళ్లలో 2 గంటలున్నా మైగ్రేన్ కావచ్చు. నా దృష్టిలో మూడో ప్రశ్నే అన్నిటికన్నా బరువైనది. స్కూలు మానేసిన రోజుల్నే కాదు, క్లాసులో కూర్చుని కూడా ఏమీ ఎక్కని రోజుల్నీ లెక్కపెట్టాలి.

మైగ్రేన్ అని పేరు పెడితే జీవితాంతం మందులేనని చాలామంది భయపడతారు. 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 8 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రెండు రకాల నివారణ మందులూ, మందు లేని ఉత్తుత్తి మాత్రలూ ఇచ్చి పోల్చారు. మూడు గుంపుల్లోనూ సగానికి పైగా పిల్లలకు తలనొప్పి రోజులు సగానికి తగ్గాయి. మందులకు ఉత్తుత్తి మాత్రల కన్నా ఎక్కువ ఫలితమేమీ కనిపించలేదు. అసలు భయపడాల్సింది జబ్బు పేరు తెలియకుండా మింగే మాత్రల గురించి. నెలకు 15 రోజులు, అంతకు మించి మామూలు నొప్పి మాత్రలు నెలల తరబడి వేసుకుంటే, ఆ మాత్రలే రోజూ తలనొప్పి తెచ్చిపెడతాయి.

ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, కాలుచేతుల్లో బలం తగ్గడం ఉంటే మాత్రం ప్రశ్నలు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మిగతా పిల్లలకు ఒక నోటుబుక్కు ఇవ్వండి. నొప్పి మొదలైన వేళ, ఆ ముందు రాత్రి నిద్ర, మానేసిన తిండి, వేసుకున్న మాత్ర, ఆడపిల్లలైతే నెలసరి తేదీ, అన్నీ వాళ్లే రాసుకోనివ్వండి. డాక్టర్ మొదట అడిగేవి కూడా ఇవే.