పళ్లరసం కలిపే లెక్కల్లో నిష్పత్తి: అపోహలు - వాస్తవాలు

నిష్పత్తి లెక్కల్లో పిల్లలు తప్పేది గుణకారం దగ్గర కాదు. ఆ రెండు అంకెలు దేన్ని దేనితో పోలుస్తున్నాయో పట్టుకోలేక తప్పుతారు. నా క్లాసులో ఏటా ఎదురయ్యే అపోహలివి.

అపోహ: రసం, నీళ్లు 2:3లో ఉంటే పానీయంలో రసం 2/3 వంతు.

వాస్తవం: రసం 2 భాగాలు, నీళ్లు 3, మొత్తం 5. కాబట్టి రసం 2/5 వంతే. 2/3 అనేది రసాన్ని నీళ్లతో పోల్చినప్పటి మాట. 750 మి.లీ. పానీయం కావాలంటే 5తో భాగించాలి: రసం 300, నీళ్లు 450. నీళ్లే 750 మి.లీ. అంటే 3తో భాగించాలి, అప్పుడు రసం 500. ఇచ్చిన సంఖ్య మొత్తానిదా, ఒకదానిదా అని ముందు వేలు పెట్టి చూసుకోమంటాను.

అపోహ: రసం, నీళ్లు చెరో గ్లాసు పెంచితే రుచి మారదు.

వాస్తవం: మారుతుంది. 2:3 కాస్తా 3:4 అవుతుంది. 40 శాతం ఉన్న రసం దాదాపు 43 శాతానికి చేరుతుంది. రుచి నిలవాలంటే రెండింటినీ ఒకే సంఖ్యతో గుణించాలి: 4:6, 6:9. "తేడా ఒకటే కదా" అనే ఆలోచన చాలా మొండిది. బోర్డు మీద ఎంత చెప్పినా పోదు, నిజంగా కలిపి రుచి చూపిస్తే పోతుంది.

అపోహ: 1:2, 1:3 పానీయాలను కలిపితే 2:5.

వాస్తవం: ఎంతెంత కలిపారో తెలియకుండా జవాబే లేదు. మొదటిది 3 గ్లాసులు, రెండోది 4 గ్లాసులు అయితే 2:5 సరైనదే. సమానంగా కలిపితే కాదు. మొత్తం భాగాలు 3, 4. వాటి క.సా.గు. (రెండింటితోనూ శేషం లేకుండా భాగమయ్యే అతి చిన్న సంఖ్య) 12. ఒక్కోదాన్ని 12 భాగాలు చేస్తే 4:8, 3:9. కలిపితే 7:17. పానీయంలో రసం 7/24 వంతు, అంటే 1/3కీ 1/4కీ సరిగ్గా నడిమధ్య. సమానంగా కలిపినప్పుడు అలాగే రావాలి. 2/7 కూడా ఆ రెండింటి మధ్యే ఉంటుంది, కానీ నడుమ కాదు. అందుకే ఈ తప్పు కంటికి ఆనదు.

పానీయం కొంత తీసేస్తే నిష్పత్తి మారుతుందని కూడా అనుకుంటారు. మారదు. 2:3లో ఉన్న 10 లీటర్లలో 5 తీసేస్తే 2 లీటర్ల రసం, 3 లీటర్ల నీళ్లు మిగులుతాయి. ఆ ఖాళీలో 5 లీటర్ల నీళ్లు పోస్తేనే 2:8, అంటే 1:4. ఈ రెండో అడుగులో రసం 2 లీటర్లు కదల్లేదు. కదలనిదాన్ని ముందు రాసుకుంటే మిగతాది కూడికే.