తొలి శ్వాసకు ముందే మొదలవ్వాల్సిన వైద్యం

నెలలు నిండకుండా పుట్టిన పసికందు డొక్కలెగరేస్తూ, ఊపిరి వదిలిన ప్రతిసారీ సన్నగా మూలుగుతుంటే, గాలి గదులు ముడుచుకుపోకుండా నిలుపుకోవడానికి పడే అవస్థ అది. ఆ గదుల్లోని తేమ గోడలను దగ్గరకు లాగేస్తుంది. ఆ లాగుడును తగ్గించే కొవ్వు పొర పేరు సర్ఫాక్టెంట్. అది చాలినంత తయారయ్యేసరికి గర్భానికి 34, 35 వారాలు వస్తాయి. ఈ లోటే పసికందుల ఊపిరి జబ్బుకు మూలమని 1959లో పరిశోధకులు మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ చూపించారు.

కాన్పుకు ముందే తల్లికి స్టెరాయిడ్ ఇస్తే అది మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డ ఊపిరితిత్తులను త్వరగా సిద్ధం చేస్తుంది. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్, హోవీ అనే వైద్యులు దీన్ని 1972లో నిరూపించారు. మన దగ్గర వాడేది డెక్సామెథసోన్: 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకొకటి, కండకు నాలుగు ఇంజెక్షన్లు. ప్రెడ్నిసొలోన్ పనికిరాదు, దాన్ని మాయే చాలావరకు నిర్వీర్యం చేసేస్తుంది. మొదటి డోసు పడిన 24 గంటల నుంచి వారం దాకా ఫలితం ఎక్కువ. అలాగని, కొద్ది గంటల్లో కాన్పు అయిపోతుంది కదా అని మొదటి డోసు మానకూడదు. ఈ వైద్యమంతటిలో చవకైనది ఈ ఇంజెక్షనే, పెద్దాసుపత్రికి పంపే హడావిడిలో మరిచిపోయేదీ ఇదే. గర్భం వారాల లెక్క తప్పినా అదను దాటిపోతుంది, అందుకే తొలి నెలల స్కాన్ కాగితం దాచుకోవాలి.

పుట్టాక, బిడ్డ సొంతంగా ఊపిరి తీస్తుంటే ముందు పెట్టేది సీప్యాప్, అంటే ఊపిరితిత్తుల్లో గాలి ఒత్తిడిని ఎప్పుడూ నిలిపి ఉంచే పరికరం. వెచ్చని, తేమ నిండిన గాలి ముక్కు గొట్టాల్లోంచి వెళుతుంది. బయటికొచ్చే గొట్టం చివరను సీసాలో 5, 6 సెంటీమీటర్ల లోతు నీళ్లలో ముంచితే, ఆ లోతే ఊపిరితిత్తుల్లో నిలిచే ఒత్తిడి. బుడగలు ఆగాయంటే గాలి ఎక్కడో లీకవుతోంది: ముక్కు గొట్టం సైజు చిన్నదై ఉండొచ్చు, నోరు తెరుచుకుని ఉండొచ్చు, అతుకు ఊడి ఉండొచ్చు. అప్పుడు ఆక్సిజన్ పెంచి లాభం లేదు, లీకు వెతకాలి. గొట్టం ముక్కు నడిమి గోడకు ఆనితే పుండు పడుతుంది. పొట్టలో చేరే గాలి పోవడానికి నోటి గుండా వేసిన ట్యూబును తెరిచి ఉంచాలి.

సీప్యాప్ మీద కూడా పీల్చే గాలిలో 30 శాతం మించి ఆక్సిజన్ కావాల్సొస్తే సర్ఫాక్టెంట్ మందు ఇస్తారు. పంది ఊపిరితిత్తుల నుంచి తీసిన రకమైతే కిలోకు 200 మిల్లీగ్రాములు, అంటే కిలో బరువున్న బిడ్డకు రెండున్నర మిల్లీలీటర్లు. ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి రానిచ్చి, మెల్లగా తిరగేయాలి, కుదపకూడదు. సీప్యాప్ తీయకుండానే సన్నని గొట్టంతో శ్వాసనాళంలోకి పంపొచ్చు. గొట్టం లోతుకు పోతే మందంతా ఒక్క ఊపిరితిత్తికే, ఎక్కువగా కుడివైపుకే చేరుతుంది. మందు పడిన కొద్ది నిమిషాల్లో ఆక్సిజన్ అవసరం తగ్గిపోతుంది. మానిటర్ మీద రక్తంలోని ఆక్సిజన్ శాతం 90–95 మధ్య నిలిచేలా, ఇచ్చే ఆక్సిజన్‌ను వెంటనే తగ్గిస్తూ రావాలి, లేకపోతే ఎక్కువైన ఆక్సిజన్ కంటి రెటీనా రక్తనాళాలను దెబ్బతీస్తుంది.