ఫ్రెంచ్ మత్స్యకన్య నగలు: కొన్ని అపోహలు, అసలు సంగతులు

పాత యూరప్ నగలు పరీక్షించే పని నాది. మత్స్యకన్య బ్రూచ్ (బట్టలకు పెట్టుకునే నగ పిన్ను) ఫోటో వాట్సాప్‌లో పంపి "ఇది ఎన్నేళ్ల నాటిది?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే ఇదంతా ఒకేచోట రాస్తున్నా.

అపోహ: గద్ద తల ముద్ర ఉంటే అది యాంటిక్.
కాదు. ఫ్రాన్స్‌లో 18 క్యారెట్ల బంగారానికి 1838 నుంచి వేస్తున్న ముద్ర అది, ఇప్పటికీ వేస్తున్నారు. టచ్ (బంగారం స్వచ్ఛత) చెబుతుంది గానీ వయసు చెప్పదు. వయసు కావాలంటే డైమండ్ ఆకారపు చిన్న గడిలో తయారీదారుడి అక్షరాలు వెతికి, ఆ వర్క్‌షాప్ ఏ ఏళ్లలో నడిచిందో చూడాలి. గుడ్లగూబ ముద్ర ఉందని మురిసిపోకండి, విదేశాల నుంచి వచ్చిన లేదా ఎక్కడ చేశారో తెలియని బంగారానికి 1893 నుంచి వేస్తున్నది అదే.

అపోహ: వంకర ముత్యాన్నే మొండెంగా చేసిన సముద్ర దేవుడు కనిపిస్తే 16వ శతాబ్దపు నగే.
ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే. ఆ శతాబ్దంలో అలాంటివి నిజంగానే చేశారు. కానీ 19వ శతాబ్దంలో సంపన్న కలెక్టర్లు రినైసెన్స్ నగల కోసం ఎగబడ్డారు, గిరాకీకి తగ్గట్టు "పాతవి" కొత్తగా పుట్టుకొచ్చాయి. పారిస్‌లో ఆల్ఫ్రెడ్ ఆండ్రే, జర్మనీలోని ఆఖెన్‌లో రైన్‌హోల్డ్ వాస్టర్స్ ఈ పనిలో ఆరితేరినవాళ్లు. వాస్టర్స్ గీసిన డిజైన్లు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనే ఉన్నాయి, 1970ల చివర్లో వాటిని గుర్తుపట్టాక ఎన్నో మ్యూజియాలు తమ లేబుళ్లు మార్చుకోవాల్సి వచ్చింది. అదే మ్యూజియంలో ఉన్న కానింగ్ జువెల్ సంగతి మనకు ఇంకా దగ్గరిది: ముత్యపు ఒంటి మత్స్యపురుషుడు, మన దేశానికి వైస్రాయ్‌గా చేసిన లార్డ్ కానింగ్ పేరు మీద ఉంది. చాలాకాలం 16వ శతాబ్దపు ఇటలీ నగ అనుకున్నారు, ఇప్పుడు 1850-60 ప్రాంతంలో చేసిందని చెబుతున్నారు. నన్నడిగితే ఆ పనితనానికి వచ్చిన లోటేమీ లేదు.

అపోహ: రాళ్లు లేవు, బరువూ లేదు, కాబట్టి చవక.
ఇది మన తరుగు, మజూరీ లెక్క. 1900 నాటి పారిస్‌లో నగల కళాకారుడు రెనే లాలిక్ వజ్రాల కంటే కొమ్ము, గాజు, ఎనామెల్‌కే (లోహంపై కాల్చి అతికించే రంగు గాజు పూత) పెద్దపీట వేశాడు, కలెక్టర్ గుల్బెంకియన్ నేరుగా ఆయన దగ్గరే కొన్న నగలు ఇప్పుడు లిస్బన్ మ్యూజియంలో ఉన్నాయి. అలాగని అల్లుకున్న జుట్టు, అలలు కనిపించిన ప్రతిదీ లాలిక్ కాదు. వెవేర్, ఫుకే, గైయార్ కూడా ఆ రోజుల్లో పారిస్‌లో గొప్ప పని చేశారు, పైగా సంతకం తర్వాత చెక్కడం పెద్ద కష్టమేమీ కాదు.

అపోహ: సైరెన్ (గ్రీకు కథల్లో పాటతో నావికులను మాయచేసే జీవి) అంటే చేప తోక ఉండాల్సిందే.
పాత గ్రీకు బొమ్మల్లో సైరెన్‌కు ఉండేది పక్షి ఒళ్లు. చేప తోక మధ్యయుగాల్లో వచ్చింది.

అపోహ: అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో (శబ్ద తరంగాల అదురుతో నగలు శుభ్రం చేసే యంత్రం) వేస్తే కొత్తగా మెరుస్తుంది.
వద్దు బాబూ! రెక్కల్లో, అలల్లో వెలుగు అవతలికి కనిపించే ఎనామెల్‌కు వెనక లోహం ఉండదు, ఆ అదురుకు పగుళ్లు వస్తాయి. పోయిన ఎనామెల్ మళ్లీ వేయాలంటే కొలిమిలో పెట్టాలి, ముత్యం ఆ వేడికి తట్టుకోదు, అందుకే చాలా రిపేర్లు రెజిన్‌తో కానిచ్చేస్తారు. కొనే ముందు యూవీ లైట్ వేసి చూడండి, అతికిన చోటు చాలాసార్లు వేరే రంగులో మెరుస్తుంది. తర్వాత వెనక్కి తిప్పి లూప్‌తో (నగలు చూసే చిన్న భూతద్దం) పొలుసుల అంచులు చూడండి. మొద్దుబారి, సన్నటి గుంటలు కనిపిస్తే పాత నగ నుంచి అచ్చు తీసి పోతపోసిన కాపీ అని అనుమానించాలి.