కాటనే కడుతున్నాను, అయినా దురదేంటి డాక్టర్ గారూ? (అపోహలు - వాస్తవాలు)

చర్మవ్యాధుల ఓపీలో ఈ ప్రశ్న వినని వారం ఉండదు. ఎండలు ముదిరాయంటే మరీను.

అపోహ: కాటన్ అయితే దురదే రాదు.

కాటన్ పోగు పడకపోవడం చాలా అరుదు, నిజమే. కానీ మనం వేసుకునేది ఒట్టి పోగు కాదు కదా. ముడతలు పడదని అమ్మే కాటన్ చొక్కాకి చాలాసార్లు రెసిన్ (జిగురులాంటి పూత) పట్టించి ఉంటారు. అది వదిలే ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం కొందరి చర్మానికి పడదు. పాలిస్టర్‌తో వచ్చే అలర్జీ కూడా ఎక్కువగా పోగు వల్ల కాదు, రంగు వల్ల. దానికి వేసే డిస్పర్స్ రంగులు, ముఖ్యంగా డిస్పర్స్ బ్లూ 106, 124, చెమటకీ రాపిడికీ ఊడి చర్మం మీదికి దిగుతాయి. ముదురు నీలం, నలుపు బట్టలతోనే ఎక్కువ పేచీ.

ఒకావిడ కట్టేవన్నీ నేత చీరలే. చెయ్యి ఎత్తమన్నాను. చంక నడిమధ్య శుభ్రంగా ఉంది, చుట్టూ అంచు వెంబడి మాత్రం ఎర్రగా, పొలుసులు లేచి ఉంది. డియోడరెంట్ పడకపోతే సాధారణంగా మధ్యలోనే రేగుతుంది. అంచుల్లో వస్తే బట్టను అనుమానించాలి. జాకెట్టు తిరగేసి చూస్తే లోపల నల్ల పాలిస్టర్ లైనింగ్!

అపోహ: ఇన్నాళ్లూ పడింది, ఇప్పుడెందుకు పడదు?

అలర్జీ వాడగా వాడగానే పుడుతుంది. పైగా బట్ట వేసుకున్న గంటకే కాదు, ఒకటి రెండు రోజులకు బయటపడుతుంది. ఈలోగా నింద వంకాయ కూర మీద పడిపోతుంది, పాపం.

అపోహ: లంగా బొందు దగ్గర మచ్చ అందరికీ ఉండేదే.

మచ్చ వరకు సరే. అది అలర్జీ కాకపోవచ్చు, రాపిడి. బొందు వదులుగా కట్టండి, వెడల్పు పట్టీ ఉన్న లంగా కుట్టించుకోండి. పుండు పడి నెల దాటినా మానకపోతే మాత్రం పసుపు రాస్తూ కూర్చోకండి. ధోవతి కట్టు దగ్గర వచ్చే క్యాన్సర్ గురించి మన దేశ వైద్యులు 1945లోనే రాశారు. చీరకట్టు దగ్గరా అరుదుగా వస్తుంది. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే తేలిపోతుంది.

అపోహ: ఖరీదైన 'మెడికల్' పట్టు బట్టలు వేస్తే పిల్లల ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) తగ్గుతుంది.

2017లో ప్రచురించిన బ్రిటన్ పరిశోధనలో 300 మంది పిల్లల్ని ఆరు నెలలు చూశారు. మామూలు చికిత్సకు తోడుగా ఆ బట్టలు వేసినా అదనపు మేలు కనిపించలేదు. ఆ డబ్బు మాయిశ్చరైజర్‌కి పెట్టమంటాను.

అపోహ: జీన్స్ గుండీకి నెయిల్ పాలిష్ పూస్తే సరి.

బొడ్డు కింద రూపాయి బిళ్లంత మచ్చ ఉంటే అనుమానం గుండీలోని నికెల్ అనే లోహం మీదే. పాలిష్ నాలుగు రోజుల్లో అరిగిపోతుంది. గుండీ మార్పించడమే మేలు.

ఏది పడలేదో తేల్చడానికి ప్యాచ్ టెస్ట్ ఉంది. అనుమానమున్న పదార్థాలు పెట్టిన పట్టీలు వీపు మీద 48 గంటలు ఉంచి తీస్తాం, 96 గంటలకు మళ్లీ చూస్తాం. అన్నాళ్లూ వీపు తడపకూడదు. వచ్చేటప్పుడు అనుమానమున్న జాకెట్టూ సంచిలో వేసుకుని రండి. ఓ చిన్న ముక్క కత్తిరించి అదీ అంటిస్తాం.