ముళ్ల మీద నడిచే చిల్లుకుండ

చిట్టికి, బాబికి తాత ఆశీస్సులు.

మీ పెరట్లో నాగజెముడు కాక్టస్‌ని స్లగ్ అనే నత్తలాంటి మెత్తటి పురుగు తినేస్తోందని చెబుతూ, మొన్న ఆదివారం ఫోన్లో చిట్టి అడిగింది గుర్తుందా? "తాతా, కాక్టస్‌కి అన్ని ముళ్లున్నాయి కదా, తినేటప్పుడు స్లగ్ నోట్లో గుచ్చుకోవా?" అని. నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి బాబి, "నేను దాని మీద ఉప్పు పోసేశా తాతా!" అని కేకేశాడు. మీ అమ్మ ఫోన్ తిప్పి చూపించింది. నాగజెముడుకి లేతగా వస్తున్న కొత్త రెమ్మ మీద గీకినట్టు మచ్చ, పక్కనే ఎండిపోయిన వెండి గీత. ఆ గీత చూడగానే నాకు మా అవ్వ కుండ గుర్తొచ్చింది.

మా ఊరు అనంతపురం జిల్లాలో, నీళ్లకి మొహం వాచిన ఊరు. బావి అర మైలు దూరం. మా ఇంట్లో ఒక మంటికుండకి అడుగున వెంట్రుకవాసి చిల్లు ఉండేది. పారేయడానికి అవ్వకి మనసొప్పదు, మోసే పని నాది. ఇల్లు చేరేసరికి నా వీపంతా తడి, దారి పొడుగునా తడి గీత. ఆ గీత వెంటే నడిచొచ్చి, నేను ఏ చెట్టు కింద ఆగి గోలీలాడానో అవ్వ ఇట్టే పట్టేసేది. ఎండ ముదిరితే ఆ కుండతో బయల్దేరడమే దండగ. అందుకే తెల్లవారకముందే లేపి పంపేది.

స్లగ్ అంటే ఆ చిల్లుకుండే అనుకోండి. నత్తకి గుల్ల ఉంటుంది, దీనికి లేదు. ఒంట్లో ఉన్నదంతా ఇంచుమించు నీళ్లే. అడుగు కదలాలంటే జిగురు కార్చుకుంటూ పోవాలి. ఎండ తగిలితే ఎండిపోతుంది. అందుకే రాత్రి బయల్దేరుతుంది, తెల్లారేలోపు ఏదో ఒక తడి చాటుకి చేరుతుంది. ఇక కాక్టస్ సంగతి చూడండి, అది మూత బిగించిన కుండ. ఒంటికి మైనం పూత, ఆకుల బదులు ముళ్లు, గాలి పీల్చే రంధ్రాలు కూడా రాత్రిపూటే తెరుస్తుంది. చిల్లుకుండకి మూతకుండ మీద కన్ను పడకుండా ఉంటుందా?

ముళ్లు మేకల్లాంటి పెద్ద నోళ్లకోసం. స్లగ్ ముల్లుకీ ముల్లుకీ మధ్య సందులోంచి దూరిపోతుంది. ముల్లు తగిలినా కింద జిగురు పరుపుంది. అది కొరకదు, టెంకాయ తురిమినట్టు తురుముతుంది. దాని నాలుక మీద కంటికి కనిపించని పళ్లు వేలల్లో ఉంటాయి. కుండకి నాలుకేమిటి తాతా అంటారేమో. పోనీ, ఉందనుకోండి.

మీ కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లో వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలమంతా పొడి. మార్చిలో నేల ఇంకా తడిగా ఉంటుంది, కాక్టస్ లేత రెమ్మలు వేస్తుంది. స్లగ్‌కి ఇంతకన్నా పండగేముంది? జూన్ వచ్చేసరికి ఎండకి తాళలేక మట్టిలోకి దిగిపోతుంది. అంటే మీ యుద్ధం రెండు మూడు నెలలే. కాకపోతే వేరే మొక్కకి చిల్లుపడిన ఆకు రాలిపోతుంది, కాక్టస్ మీద మచ్చ బెండులా గట్టిపడి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అందుకని లేత రెమ్మల్ని కనిపెట్టుకుని ఉండండి.

బాబీ, ఇంకెప్పుడూ ఉప్పు పోయకు నాయనా. చర్మంలోంచి నీళ్లన్నీ లాగేస్తుంది, విలవిల్లాడి చస్తుంది. చంపక తప్పకపోతే చంపుతాం, అందులో సరదా ఉండకూడదు. పైగా ఆ ఉప్పు మట్టిలోనే ఉండి కాక్టస్ వేరుని కూడా తింటుంది.

కుండతో కొట్లాడొద్దు, దాని దారిలో బావి లేకుండా చేయండి. సాయంత్రం నీళ్లు పోస్తే స్లగ్‌కి మీరే కుండ నింపి పంపినట్టు. పొద్దున పోయండి, అదీ మట్టి ఎండాకనే. ఖాళీ కుండీలు, చెక్కలు, రాలిన ఆకులు తీసేయండి. ఒక్క చెక్క మాత్రం కావాలనే ఉంచి, దాని కింద నారింజ తొక్క బోర్లించండి. పొద్దున ఎత్తితే అతిథులంతా అక్కడే ఉంటారు. చేతికి గ్లవ్స్ వేసుకుని సబ్బునీళ్ల డబ్బాలో వేయండి. వాటి ఒంట్లో పురుగులుండొచ్చు, తర్వాత చేతులు బాగా కడుక్కోండి. ఉడికిన సగ్గుబియ్యం గింజల్లాంటివి కనిపిస్తే అవి గుడ్లు, అవీ తీసేయండి. చెక్క కింద పరిగెత్తే నల్ల పేడపురుగులాంటిది కనిపిస్తే తొక్కకండి, అది మీ పక్షమే.

మీ అమ్మ దాస్తున్న గుడ్డు పెంకుల సంగతి చెప్తే కోప్పడుతుందేమో. ఇంగ్లండులో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ వాళ్లు 2018లో పెంకులు, గులకరాళ్లు, రాగి పట్టీ అన్నీ పెట్టి చూశారు, తేడా ఏమీ కనబడలేదు. గిన్నెలో బీరు పోసి పాతిపెడితే వస్తాయి, పులిసిన వాసనంటే ప్రాణం వాటికి. మీరు బీరు ముట్టొద్దు. మైదా, ఈస్టు, నీళ్లు కలిపిన పిండికి కూడా వస్తాయట. దోసెపిండికి వస్తాయో లేదో మీరే పెట్టి చూడండి.

మీ పెరట్లో నాగజెముడు చూస్తే నాకు చుట్టాన్ని చూసినట్టుంటుంది. మా పొలం గట్లన్నీ అదే. ఎర్రపండ్లు కోసి, నూగు పోయేదాకా ఇసకలో దొర్లించి తినేవాళ్లం. అయినా నాలుకకి గుచ్చుకునేది. చెట్టు మీద తెల్లటి దూదిలా పురుగు పట్టేది. నలిపితే రక్తంలాంటి రంగు, బడిలో పక్కవాడి చొక్కాకి పూసి వీపు పగలగొట్టించుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ చెట్టూ ఆ పురుగూ రెండూ మీ అమెరికా వైపువే. రంగుకోసమని 1795లో ఈస్టిండియా కుంపిణీవాళ్లు బ్రెజిల్ నుంచి పురుగు తెప్పిస్తే వచ్చింది వేరే రకం. రంగు గిట్టుబాటు కాలేదు గానీ, ఒక జాతి నాగజెముడుని ఊళ్లకి ఊళ్లే తినేసింది. మిగిలిన జాతుల్ని అణచడానికి 1926లో సింహళం, అంటే శ్రీలంక నుంచి మరో రకం పురుగు తెప్పించారు. మా గట్ల మీద దూది ఆ రెండోదే అయ్యుంటుంది. స్లగ్ కూడా అలాంటి వలసజీవే, మీ తోటల్లో కనిపించే బూడిదరంగుది యూరప్ నుంచి వచ్చింది. ఎవరు ఎవరి పెరట్లోకొచ్చి ఎవర్ని తింటున్నారో ఆలోచిస్తే నాకు నవ్వొస్తుంది.

ఈ రాత్రి అన్నం తిన్నాక మీ నాన్నని తోడు పెట్టుకుని, బూట్లు వేసుకుని, టార్చి తీసుకుని వెళ్లండి. ఒకదాన్ని గాజుగ్లాసులో వేసి చూడండి. తల వెనక కుడివైపు ఒక రంధ్రం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది, అదే దాని ముక్కు. నిమిషానికి ఎన్నిసార్లు తెరుస్తుందో లెక్కపెట్టి ఆదివారం నాకు చెప్పండి. పొద్దున లేవగానే వెండి గీత పట్టుకుని వెనక్కి నడవండి, అది ఏ రాయి కిందికి పోయిందో కూడా.

ఇట్లు,
మీ తాత