విల్లు ఓడిపోయేది లోపలి వైపు

విల్లు విరిగితే మన చూపు ముందుగా గురివైపు ముఖం మీద లేచిన పేళ్ల మీదకే పోతుంది. తెగింది అక్కడే కనుక తప్పు కూడా అక్కడే జరిగిందనుకుంటాం. చాలాసార్లు ఆ విల్లు అంతకు ముందే, విలుకాడి వైపున్న లోపలి ముఖంలో, చప్పుడు లేకుండా ఓడిపోయి ఉంటుంది.

నారి లాగగానే కర్రలో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. గురివైపు ముఖం సాగుతుంది, మనవైపు ముఖం నలుగుతుంది. నడుమ ఎక్కడో అటు సాగని, ఇటు నలగని పొర ఒకటి మిగులుతుంది. కర్ర అంటే నిలువునా అతుక్కుని ఉన్న సన్నటి గొట్టాలు; వరిగడ్డి పరకల కట్ట అనుకోండి. రెండు చివరలూ పట్టి లాగితే ఎంతో ఓర్చుకుంటుంది. నిలబెట్టి పైనుంచి నొక్కితే పరకలు మధ్యలో మడతపడతాయి. లోపం లేని ఎండు కర్ర నారల వెంబడి లాగుడుకు ఎంత తట్టుకుంటుందో, నొక్కుడుకు అందులో దాదాపు సగమే తట్టుకుంటుంది. విల్లు చేసేవాడి తిప్పలన్నీ ఈ సగం దగ్గరే.

ఈ ఇబ్బంది చెట్టుకూ ఉంది. గాలికి వంగిన ప్రతిసారీ మానులో ఒకవైపు సాగాలి, మరోవైపు నలగాలి. అందుకే పెరిగే చెట్టు తన పైపొరలను ముందే బిగలాగి ఉంచుకుంటుంది. కొత్తగా ఏర్పడే కణాలు ముదిరేటప్పుడు పొడవులో కొద్దిగా కుంచించుకుంటాయి. ఆ బిగువు తీరాకే పైపొరకు నలుగుడు మొదలవుతుంది. గాలి మరీ బలమైనదైతే ఈ ఏర్పాటూ చాలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంది. వీధివీధినా చెట్లు కూలాయి. అంత గాలికి వంగిన మాను కూలినా, విరగకుండా మళ్లీ నిలబడినా, నలిగిన వైపు నారల్లో సన్నటి మడతలు ఉండిపోవచ్చు. బెరడు మీద అవి కనిపించవు. చిత్రిక పట్టి, పక్కనుంచి వెలుతురు పడేలా చూస్తే కర్రకు అడ్డంగా వెంట్రుకంత గీతలుగా కనిపిస్తాయి. అలాంటి కర్ర తర్వాత లాగుడుకు గురైతే పేళ్లు లేవకుండా ముక్కలా విరుగుతుంది. తుఫాను తర్వాత ఊరంతా కర్ర ఉత్తపుణ్యానికి దొరుకుతుంది కానీ, విల్లుకు మాత్రం దాన్ని ఆ గీతల కోసం గాలించకుండా ముట్టుకోకూడదు.

మరి ఏ కర్ర? టేకు పేరు చెప్పేవాళ్లు చాలామంది. టేకుకు ఆ గౌరవం వచ్చింది చెదలకు లొంగదని, తేమకు మెలిపడదని. విల్లుకు కావలసింది వంగి తిరిగి లేచే గుణం. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే అంకుడు కర్ర మెత్తగా, సమంగా ఉండి తరిణికి బాగా ఒదుగుతుంది. ఆ మెత్తదనమే విల్లులో నలుగుడు ముందు నిలవదు. మన తీరం వెంట పెరిగే సరుగుడు గట్టిదే, కానీ ఎండేటప్పుడు పగుళ్లు తీస్తుంది. తూర్పు కనుమల్లో దొరికే తడ కర్ర ఈ పనికి బాగా సరిపోతుంది. బండి కాడికీ, గొడ్డలి పిడికీ వాడేది కూడా ఆ సాగే గుణం చూసే. అడవిలో అనుమతి లేకుండా కొట్టడం నేరం కాబట్టి సొంత గట్టు మీద చెట్టో, డిపోలో కొన్న దుంగో ఉండాలి.

వెదురు సంగతి వేరు. దాని నారలు తొక్క వైపు దట్టంగా ఉండి లోపలికి పోయేకొద్దీ పల్చబడతాయి. చెక్కుడంతా లోపలి వైపే సాగించి, తొక్కను తాకకుండా వదిలితే బలమైన పొర చెక్కుచెదరదు. ఏజెన్సీలో చాలాచోట్ల విల్లుకు వెదురే వాడతారు, నారి కూడా చీల్చిన వెదురు పేడే. నూలుతాడులా సాగదు కాబట్టి విల్లు ఇచ్చిన శక్తిని తాను మింగకుండా బాణానికి అందిస్తుంది. చైత్రంలో గిరిజనుల ఇటుకల పండుగకు ఈ విల్లంబులే బయటికొస్తాయి.

దుంగను రంపంతో కోయడం కంటే మేకులు దిగ్గొట్టి చీల్చడం మేలు. రంపం గీసిన గీత వెంట పోతుంది. చీలిక నార వెంట పోతుంది. సామిల్లులో కోసిన పలక ఎంత నున్నగా ఉన్నా దాని అంచుల్లో నారలు ఏటవాలుగా తెగి ఉంటాయి. లాగుడు పడ్డప్పుడు పేడు లేచేది అక్కడే. గురివైపు ముఖం మొదలు నుంచి చివరదాకా ఒకే పెరుగుదల వలయం మీద నడవాలి, ముడి వస్తే దాని చుట్టూ కాస్త ఎక్కువ కర్ర వదలాలి. ఆ ముఖం ఒకసారి కుదిరాక ఇక దాని మీద పనిముట్టు పెట్టకూడదు.

మిగిలిన పనంతా లోపలి ముఖం మీదే, అసలు చదువూ ఇక్కడే. కర్ర బిగువు వెడల్పుతో నేరుగా మారుతుంది, మందంతో మాత్రం దాని ఘనంగా (మందం × మందం × మందం) మారుతుంది. వెడల్పు సగం చేస్తే బిగువు సగం. మందం సగం చేస్తే ఎనిమిదో వంతు. 10 మిల్లీమీటర్ల మందాన్ని 9కి దించితే పోయేది పదో వంతు కాదు, 27 శాతం. అందుకే బాడిసతో మొదలైన పని ఆకురాయికీ, చివరికి గాజుపెంకుతో గీకడానికీ దిగుతుంది. పిడిని గోడ మీద ఆనించి నారిని కొద్దికొద్దిగా లాగుతూ, దూరంగా నిలబడి పిడికి అటూ ఇటూ ఉన్న రెండు రెక్కల వంపునూ చూడాలి. ఎక్కువ వంగిన చోటును వదిలేసి, వంగని చోట గీకాలి. ఒకే చోట వంపు పోగైతే అక్కడి లోపలి నారలే నలుగుడంతా మోస్తాయి. తుఫాను చెట్టులో చూసిన గీతలు అక్కడ తేలతాయి.

మందం తగ్గితే అదే వంపుకు ముఖాల మీద భారం కూడా తగ్గుతుంది. కాబట్టి మామూలు కర్రకు పల్చగా, వెడల్పుగా, పొడుగ్గా చేయడమే దారి. 1930లలో క్లారెన్స్ హిక్‌మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త లెక్కలు కట్టి చదునైన రెక్కల వైపే మొగ్గాడు. అడ్డంగా కోస్తే గుండ్రంగా కనిపించే రెక్కలున్న ఇంగ్లిష్ పొడవు విల్లుకు అప్పట్లో ఉన్న ప్రతిష్ఠ ముందు అది సాహసమే. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లిష్ యుద్ధనౌకలో అలాంటివి నూటికి పైగా దొరికాయి. అవన్నీ యూ చెట్టువి. దాని బయటి తెల్లచెక్క సాగుడు మోస్తుంది, లోపలి చేవ నలుగుడు మోస్తుంది, కాబట్టి ఆ ఆకారం దానికి చెల్లింది. డెన్మార్క్‌లో 1944లో బయటపడ్డ హోల్మెగార్డ్ విల్లు ఎల్మ్ చెట్టుది, వయసు సుమారు 9000 ఏళ్లు, రెక్కలు వెడల్పువి. ఘనాల లెక్క రాకముందే ఎవరి చేతికో అది తెలిసిపోయింది.

విశాఖలో ఇంకో శత్రువు సముద్రపు గాలి. గాలిలో తేమ 75 శాతం ఉంటే కర్రలో తేమ 14 శాతం దగ్గర నిలుస్తుంది. విల్లుకు 8 నుంచి 10 శాతం కావాలి. ఒక్కో శాతం తేమ పెరిగినకొద్దీ నొక్కుడును తట్టుకునే బలం సుమారు 5 శాతం తగ్గుతుంది, అంటే నాలుగు శాతం తేడాకే ఐదో వంతు పోయినట్టు. లాగుడు బలం అంతగా తగ్గదు. దెబ్బ మళ్లీ బలహీనమైన వైపే. పొయ్యి మీది అటక మీద ఆరబెట్టే పాత పద్ధతికి అర్థం ఇదే, పైగా పొగకు పురుగు చేరదు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు మూసిన పెట్టెలో చిన్న బల్బు వెలిగించి అదే పని చేయించుకోవచ్చు. లోపలి ముఖాన్ని నిప్పుల సెగకు గోధుమరంగు వచ్చేదాకా కాస్తే అది మరింత బిగుస్తుంది. బయటి ముఖానికి ఆ సెగ తగలనివ్వకూడదు, ఎక్కువ ఎండితే అది పెళుసెక్కుతుంది.

చివరలు ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. వదిలినప్పుడు అన్నిటికన్నా వేగంగా కదిలేవి అవే, అక్కడి ప్రతి గ్రామూ బాణం నుంచి శక్తి దోచుకుంటుంది. లాగుడు బరువు 20 కిలోలున్న విల్లును అరమీటరు లాగితే అందులో నిలిచేది దాదాపు 50 జౌళ్ల శక్తి. అందులో 30 జౌళ్లు 30 గ్రాముల బాణానికి చేరితే అది గంటకు 160 కిలోమీటర్ల వేగంతో బయలుదేరుతుంది. బాణం పెట్టకుండా నారి వదిలితే ఆ 50 జౌళ్లూ రెక్కల్లోకీ నారిలోకీ తిరిగొస్తాయి. ఒక్క సరదా లాగుడుకే విల్లు రెండు ముక్కలు కావచ్చు.

మన ఊళ్లో, ఏజెన్సీలో అల్లూరి సీతారామరాజు విగ్రహాల చేతిలో విల్లు ఎప్పుడూ నారి ఎక్కించే ఉంటుంది. కంచుకు, సిమెంటుకు ఫరవాలేదు. కర్రను అలా ఉంచితే లోపలి నారలు నలిగిన తీరుకే అలవాటుపడతాయి. నారి విప్పినా వంపు తీరదు, లాగుడు బరువు తగ్గుతుంది. పని అయిపోగానే నారి దించి, విల్లును గోడకు వాల్చకుండా రెండు మేకుల మీద అడ్డంగా పెట్టాలి.